బ్యాకప్ మధ్యలో ఆగితే: డిస్కును ముందు బాగుచేయాలా, ముందు కాపీ తీయాలా?

గుంటూరులో మా మిత్రుడికి డీటీపీ కేంద్రం ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, ఏడాదికి నాలుగైదు పుస్తకాలు. అన్నీ పాత పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసినవే. ఆ కంప్యూటరు పోతే ఫైళ్లు మిగిలినా వాటిని తెరిచే సరంజామా మళ్లీ కూర్చుకోవడం పెద్ద పని. అందుకే మొత్తం డిస్కును ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా తీసి బయటి డిస్కులో దాచుకోమని నేనే చెప్పాను. మూడో నెలలో ఆ ఇమేజ్ 63 శాతం దగ్గర ఆగిపోయింది. తెర మీద ‘డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని ఒకే ఒక్క వాక్యం. ఫోను చేసి అడిగితే, డిస్కును పరీక్షించి సరిచేసే విండోస్ సాధనం చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్ అనే స్విచ్చుతో నడపమన్నాను. రాత్రంతా నడిచింది. తెల్లవారాక బ్యాకప్ సాఫీగా పూర్తయింది. ఇద్దరం సంతోషించాం.

కొన్ని నెలల తర్వాత ఒక రచయిత తన పుస్తకం రెండో ముద్రణ కోసం వచ్చారు. ఫైలు తెరుచుకోలేదు. బ్యాకప్‌లో ఉన్నదీ తెరుచుకోలేదు. చెడిన ఫైలునే ప్రతి బ్యాకప్పూ శ్రద్ధగా మోసుకెళ్లింది. ఫైలు బాగున్న రోజుల నాటి ప్రతిని చోటు చాలక ఈలోగా మేమే తుడిచేశాం. మొదట 63 శాతం దగ్గర వచ్చిన ఆ ఎర్రరే మాకు దక్కిన ఏకైక హెచ్చరిక. దాన్ని నోరుమూయించిన సలహా నాదే.

ఈ విషయంలో ఇప్పుడు అందుబాటులో ఉన్న దారులన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం. చెక్‌డిస్క్‌లోనే మూడు రకాలు, చెడు సెక్టార్లను (డిస్కు విడిగా చదివే చిన్న ముక్కలను) దాటుకుపోయే ఇమేజ్ సాధనాలు, విడిగా ఫైళ్ల కాపీ, చెడిన డిస్కు నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూ, చివరికి డేటా రికవరీ నిపుణులు. ఏది మంచిదంటే జవాబు లేదు. లోపం ఎక్కడుందో తెలిస్తే జవాబు ఉంటుంది.

లోపం ఎక్కడుంది?

బ్యాకప్‌ను ఆపే లోపాలు నాలుగు చోట్ల పుడతాయి. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య తీగలో, ఏ ఫైలు ఎక్కడుందో లెక్క ఉంచే ఫైల్ సిస్టమ్‌లో, డిస్కు ఉపరితలం మీద, లేదా బ్యాకప్ వెళ్లి చేరాల్సిన రెండో డిస్కులో. ఈ నాలుగోదాన్ని చాలామంది మరిచిపోతారు. బయటి డిస్కు చెడితే లోపలి డిస్కుకు రాత్రంతా వైద్యం చేసినవాళ్లను చూశాను.

తేల్చుకోవడానికి విండోస్‌లోనే మంచి సాక్షి ఉంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద ‘సిస్టమ్’ పద్దులో బ్యాకప్ ఆగిన సమయం దగ్గరకు వెళ్లండి. అక్కడ ‘డిస్క్’ అన్న మూలం నుంచి 7వ నంబరు ఈవెంట్ ఉంటే డిస్కు మీద చదవలేని బ్లాకు ఉందని అర్థం. విండోస్ మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ ‘ఎన్‌టీఎఫ్‌ఎస్’ నుంచి 55 ఉంటే ఫైల్ సిస్టమ్ కట్టుబాటు చెదిరింది. 11 గానీ, పదేపదే 153 గానీ కనిపిస్తే ముందు కేబులునీ, యూఎస్‌బీ పోర్టునీ, కరెంటు సరఫరానీ అనుమానించండి. వాటిని మార్చాక కూడా 153 వస్తూనే ఉంటే అప్పుడు డిస్కు వైపు తిరగవచ్చు. 7వ నంబరు సందేశంలో ‘హార్డ్‌డిస్క్0’, ‘హార్డ్‌డిస్క్1’ అని కూడా రాసి ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించే డిస్కు నంబరుతో దాన్ని పోల్చుకుంటే రోగి ఎవరో తెలిసిపోతుంది. రెండు నిమిషాల పని. నేను ఆ రోజు ఫోనులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

రెండో సాక్షి డిస్కు తన గురించి తాను రాసుకునే స్మార్ట్ పట్టిక. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చూపిస్తుంది. అందులో పదుల కొద్దీ వరుసలున్నా మన పనికి నాలుగు చాలు. 5వ నంబరు, డిస్కు తనంతట తాను పక్కనపెట్టి బదులు చోటు కేటాయించిన సెక్టార్ల లెక్క. 197, ఇప్పుడు చదవలేకపోతున్నా ఇంకా తీర్పు ఇవ్వని సెక్టార్లు. 198, పరీక్షలో చదవడానికి వీలుకాదని తేలినవి. 199, తీగలో వచ్చిన తప్పులు. ఈ సాఫ్ట్‌వేర్ అంకెలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. చివర ‘సి8’ అని ఉంటే అది 200. తెలియక దాన్ని ఏదో కోడ్ అనుకుని వదిలేస్తారు. సెట్టింగుల్లో దశాంశ పద్ధతికి మార్చుకోవచ్చు.

పట్టిక మొత్తం నీలంగా, ‘గుడ్’ అని ఉన్నా నిశ్చింతగా ఉండకండి. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ప్రచురించిన పరిశోధనలో, పాడైన డిస్కుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లోనూ ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి. అదే పరిశోధనలో మరో సంగతి ఉంది. ఉపరితల పరీక్షలో మొదటి లోపం కనిపించిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, అలాంటి లోపం లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువ. పట్టిక బాగుందంటే నమ్మనక్కర్లేదు, బాగాలేదంటే మాత్రం నమ్మి తీరాలి.

తీగ తప్పయితే

199 పెరుగుతోందంటే సాటా కేబులు మార్చండి. ఆ లెక్క ఎప్పటికీ సున్నాకు తిరిగి రాదు కాబట్టి పాత అంకెను చూసి భయపడక్కర్లేదు, మార్చిన తర్వాత కూడా పెరుగుతోందా అన్నదే చూడాలి. బయటి డిస్కయితే యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటరుకు తగిలించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, 3.0 ఇచ్చేది 900. చిన్న బయటి డిస్కులు పాత పోర్టుల్లో నీరసపడి మధ్యలో తెగిపోవడం మామూలే. ఇక్కడ చెక్‌డిస్క్ నడపడం దండగ మాత్రమే కాదు, అపాయం కూడా. తప్పుగా చదివిన సమాచారాన్ని నమ్మి అది ఫైల్ సిస్టమ్‌ను ‘సరిచేస్తుంది’.

ఫైల్ సిస్టమ్ తప్పయితే

ఇది కాస్త శుభవార్త. డిస్కు గట్టిగానే ఉంది, ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక మాత్రం చెదిరింది. కరెంటు పోయినప్పుడు, డిస్కును సరిగా ఎజెక్ట్ చేయకుండా లాగేసినప్పుడు ఇలా అవుతుంది. యూపీఎస్ లేని ఇళ్లలో, దుకాణాల్లో నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం ఇవే.

ఇక్కడ ఎంపిక చెక్‌డిస్క్‌లోని రెండు రకాల మధ్యే. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. టైపు చేసేటప్పుడు దాని పేరు ఆరు అక్షరాలే: సి, హెచ్, కె, డి, ఎస్, కె. పక్కన డ్రైవు అక్షరం, కోలన్. ఏ స్విచ్చూ ఇవ్వకపోతే అది చూసి చెబుతుంది, ఏమీ మార్చదు. నేను ఎప్పుడూ అలాగే మొదలుపెడతాను.

‘స్లాష్ స్కాన్’ విండోస్ 8 నుంచి వచ్చింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవుల మీదే పనిచేస్తుంది. కంప్యూటరు వాడుకుంటూనే నడపవచ్చు. అప్పటికప్పుడు సరిచేయగలిగినవి చేస్తుంది, మిగతావి చీటీ రాసి పెట్టుకుంటుంది. తర్వాత ‘స్లాష్ స్పాట్‌ఫిక్స్’తో డ్రైవును కొద్ది క్షణాలు మాత్రమే ఆపి వాటిని ముగించవచ్చు. ‘స్లాష్ ఎఫ్’ పాత పద్ధతి. డ్రైవును పూర్తిగా తన చేతిలోకి తీసుకుంటుంది. సి డ్రైవయితే రీస్టార్ట్ అడుగుతుంది. ఆన్‌లైన్ స్కాన్ చేతులెత్తేసినప్పుడు, లేదా బయటి డిస్కు ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫైల్ సిస్టమ్‌లో ఉన్నప్పుడు ఎఫ్ తప్పదు. మిగతా సందర్భాల్లో స్కాన్‌తోనే సరిపెట్టుకోమంటాను.

ఎఫ్ తర్వాత డ్రైవులో ‘ఫౌండ్.000’ అనే దాచిన ఫోల్డరు కనిపిస్తే తుడిచేయకండి. యజమాని తెలియని ముక్కలను చెక్‌డిస్క్ అందులో పడేస్తుంది. పేర్లు పోయి ఉంటాయి గానీ, పోయిందనుకున్న ఫైలు ఒక్కోసారి అందులోనే దొరుకుతుంది.

ఈ జాతిలోదే మరో చిక్కు ఉంది, అది అసలు లోపమే కాదు. క్లోన్‌జిల్లా అనే సాధనంతో ఇమేజ్ తీయబోతే ఎన్‌టీఎఫ్‌ఎస్ సరిగా మూతపడలేదని ఆగిపోతుంది. చాలాసార్లు కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినా విండోస్ సగం నిద్రలోకే వెళుతుంది, డ్రైవును పూర్తిగా మూయదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి, చాలు. దీనికి డిస్కు డాక్టరు అక్కర్లేదు.

ఉపరితలం తప్పయితే

అసలు కష్టం ఇక్కడే. ఈవెంట్ 7 కనిపించింది, 197 సున్నా కాదు. కొన్ని సెక్టార్లను డిస్కు చదవలేకపోతోంది. ఇప్పుడు ఏం చేసినా ఆ సెక్టార్లలోని అక్షరాలు రావచ్చు, రాకపోవచ్చు. మన చేతిలో ఉన్నది ఒకటే: డిస్కు ఇంకా తిరుగుతున్న గంటలను దేని మీద ఖర్చుపెట్టాలన్నది.

పురుగు తిన్న తాళపత్రాన్ని మన పాత లేఖకులు ఎలా నకలు చేసేవారో గుర్తు తెచ్చుకోండి. అక్షరాలు పోయిన చోట ఖాళీ వదిలి ‘గ్రంథపాతం’ అని గుర్తు పెట్టేవారు. తర్వాత మరో ప్రతి దొరికితే ఆ ఖాళీని పూరించవచ్చు. ఖాళీ చూపకుండా ముందువెనకల మాటలు కలిపేసిన లేఖకుడి చేతిలో ఆ గ్రంథం శాశ్వతంగా చెడుతుంది. చెడిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఇప్పుడు చెప్పబోయే సాధనాలన్నింటినీ నేను ఈ ఒక్క కొలతతోనే చూస్తాను: పోయిన చోటును అది గుర్తు పెడుతోందా?

చెక్‌డిస్క్ స్లాష్ ఆర్

ఎఫ్ చేసే పనంతా చేసి, ఆపైన ప్రతి సెక్టారునూ చదివి చూస్తుంది. మొత్తం ఐదు దశలు. నాలుగో దశలో ఫైళ్లున్న చోట్లు, ఐదో దశలో ఖాళీ చోట్లు. ఒక ఫైలులో చదవలేని క్లస్టరు (సెక్టార్ల గుంపు) తగిలితే దానికి కొత్త చోటు ఇస్తుంది, పాత చోటును ఇక వాడకూడదని ఎన్‌టీఎఫ్‌ఎస్ జాబితాలో రాస్తుంది. కొత్త చోటులోకి పాత అక్షరాలు రావు కదా, అవి చదవడానికే వీలుకాలేదు. ఫైలు పేరు అదే, పరిమాణం అదే, నడుమ ఒక ముక్క బోలు. ఆ తర్వాత ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేరూ అక్కడ ఆగదు, ఎందుకంటే చదవడానికి ఇప్పుడు ఆటంకమేమీ లేదు. మా మిత్రుడి పుస్తకానికి జరిగింది ఇదే.

న్యాయంగా చెప్పాలంటే అది పూర్తిగా దాచిపెట్టదు. ఏ ఫైలులో క్లస్టర్లు మార్చిందో పేరుతో సహా లాగ్‌లో రాస్తుంది. రీస్టార్ట్‌లో నడిచిన చెక్‌డిస్క్ నివేదిక ఈవెంట్ వ్యూయర్‌లోని ‘అప్లికేషన్’ పద్దులో ‘విన్‌ఇనిట్’ అన్న మూలం కింద ఉంటుంది. అది చదివితే గ్రంథపాతాల జాబితా చేతికి వచ్చినట్టే. చదివేవాళ్లు ఎంతమంది? నేనూ చదవలేదు.

రెండో ఇబ్బంది శ్రమ. ఆరోగ్యంగా ఉన్న 1 టెరాబైటు డిస్కును సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున మొదటినుంచి చివరిదాకా చదవడానికే దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. చెడిన డిస్కు ఒక్కో చెడ్డ సెక్టారు దగ్గర మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది కాబట్టి అది రోజులకు పాకవచ్చు. అందులో కొంత సమయం ఐదో దశలో ఏ ఫైలూ లేని ఖాళీ జాగాను తడమడానికే పోతుంది. మన ఫైలు ఒక్కటి కూడా ఇంకా బయటి డిస్కుకు చేరలేదు, ఇల్లు కాలుతుంటే గోడలకు సున్నం వేస్తున్నాం.

అందువల్ల స్లాష్ ఆర్ నా దృష్టిలో మొదటి పని కాదు. డిస్కులోని సరుకంతా వేరేచోట భద్రంగా ఉందని రూఢి అయ్యాక, ఈ డిస్కును ఇంకా దేనికైనా వాడుకోవచ్చా అని చూడటానికి పనికొస్తుంది.

చెడు సెక్టార్లను దాటిపోయే ఇమేజ్

మాక్రియం రిఫ్లెక్ట్‌లో చెడు సెక్టార్లను పట్టించుకోకుండా ఇమేజ్ తీసే వెసులుబాటు ఉంది. దాని ఉచిత కూర్పును కంపెనీ 2024 జనవరి 1తో ఆపేసింది కనుక ఇప్పుడు డబ్బు పెట్టాలి. క్లోన్‌జిల్లా ఉచితం. నిపుణుల విధానంలో ‘రెస్క్యూ’ అనే ఐచ్ఛికాన్ని ఎంచుకుంటే చదవలేని చోట ఆగకుండా ముందుకు పోతుంది. విండోస్‌తో వచ్చే పాత సిస్టమ్ ఇమేజ్ సాధనంలో ఈ సదుపాయం లేదు. తొలి దెబ్బకే కూలబడుతుంది.

ఇవి వాడిన చోటును మాత్రమే చదువుతాయి, ఖాళీ జాగాలోని చెడుతో వీటికి పనిలేదు. స్లాష్ ఆర్‌తో పోలిస్తే డిస్కుకు శ్రమ తక్కువ, పైగా మూల డిస్కులోని ఫైళ్లను మార్చవు. లోటేమిటంటే, ఎన్ని చోట్ల దాటిపోయాయో లాగ్‌లో చెప్పినా అవి ఏయే ఫైళ్లవో తేటగా చెప్పవు. చెడు సెక్టార్లు ఐదో పదో ఉండి, వేరేచోట పాత బ్యాకప్ కూడా ఉంటే నేను ఇదే ఎంచుకుంటాను. పాత బ్యాకప్‌ను మాత్రం ముట్టుకోను.

ఫైళ్ల కాపీ

మొత్తం ఇమేజ్ కావాలన్న పట్టు లేకపోతే అన్నిటికన్నా తొందరగా మనసు కుదుటపరిచేది ఇదే. కావలసిన ఫోల్డర్లను ముఖ్యమైనవాటితో మొదలుపెట్టి బయటి డిస్కుకు పంపేయడం. చదవలేని ఫైలు దగ్గర కాపీ విఫలమవుతుంది, దాని పేరు మనకు తెలుస్తుంది. గ్రంథపాతం గుర్తు పడింది!

మామూలుగా లాగి వదిలితే మధ్యలో ప్రశ్నలడిగి ఆగిపోతుంది కాబట్టి రోబోకాపీ అనే కమాండు వాడమంటారు. విస్టా నుంచి విండోస్‌లోనే ఉంది. జాగ్రత్త ఒకటే. చదవలేని ఫైలు తగిలితే అది మామూలుగా 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. లెక్క వేస్తే ఒక్క ఫైలు గుమ్మంలో దాదాపు 347 రోజులు. అందుకే ‘స్లాష్ ఆర్ కోలన్ 1’, ‘స్లాష్ డబ్ల్యూ కోలన్ 1’ తప్పకుండా చేర్చాలి. ఇక్కడి ఆర్‌కు చెక్‌డిస్క్ ఆర్‌తో సంబంధం లేదు, ఇది ఎన్నిసార్లు ప్రయత్నించాలన్న లెక్క. ‘స్లాష్ లాగ్’ కూడా ఇస్తే దాటిపోయిన ఫైళ్ల జాబితా ఫైలులో మిగులుతుంది.

పెళ్లి ఫోటోలు, వీడియోలు ఉన్నవాళ్లు ఇక్కడ ఒక తేడా గమనించాలి. సెక్టారంటే ఇప్పటి డిస్కుల్లో 4,096 బైట్లు. యూనికోడ్ తెలుగు వచనమైతే దాదాపు ఒక పుటకు సరిపడా. వీడియోలో అంత ముక్క పోతే తెర ఒక క్షణం చెదురుతుంది, అంతే. ఫోటోలో కింది సగం బూడిదరంగుకు మారవచ్చు. అదే ముక్క ట్యాలీ లెక్కల్లోనో, జిప్ ఫైలులోనో, ఈమెయిళ్లన్నీ దాచిన ఒకే పెద్ద ఫైలులోనో పోతే మొత్తం తెరుచుకోకపోవచ్చు. ఫైళ్ల కాపీ రెండింటినీ ఒకేలా చూస్తుంది, ఒక్క సెక్టారు చదవలేకపోతే రెండు గంటల పెళ్లి వీడియో మొత్తాన్ని వదిలేస్తుంది. అలాంటి పెద్ద ఫైళ్లకు తర్వాత చెప్పేది మేలు.

డీడీరెస్క్యూ

ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. లినక్స్ పెన్‌డ్రైవుతో కంప్యూటరును లేపి వాడాలి. నల్లతెర చూసి చాలామంది దణ్ణం పెట్టేస్తారు. అయినా చెడిన డిస్కు ముందు కూర్చున్నప్పుడు దీనంత వివేకంగా పనిచేసేది నాకు కనిపించలేదు.

దాని తెలివంతా క్రమంలో ఉంది. మొదటి విడతలో సులువుగా వచ్చేవన్నీ ముందు కాపీ చేసేస్తుంది. చెడు తగిలితే అక్కడ మొండిగా కూర్చోక దూకి ముందుకు పోతుంది. ఆ తర్వాత వదిలిన చోట్ల అంచులు కత్తిరిస్తుంది, ఆపైన మిగిలినదాన్ని గీకుతుంది, చివర్లో మనం చెప్పినన్ని సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. డిస్కు దారిలో ప్రాణం విడిచినా అప్పటికే సింహభాగం మన చేతిలో ఉంటుంది. తొలిసారి మైనస్ ఎన్ ఇచ్చి గీకడం వద్దంటాను. మొదటి కాపీ దక్కాకే మైనస్ డి (డిస్కును నేరుగా చదవడం), మైనస్ ఆర్ 3 (మూడుసార్లు మళ్లీ ప్రయత్నం) ఇచ్చి రెండో విడత.

ఇది నడుస్తున్నంతసేపూ మ్యాప్‌ఫైల్ అనే చిన్న ఫైలులో ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది రాసుకుంటూ పోతుంది. కరెంటు పోయినా, డిస్కు వేడెక్కిందని మనమే ఆపినా, అదే మ్యాప్‌ఫైలుతో మళ్లీ మొదలుపెడితే ఆగిన చోటినుంచే అందుకుంటుంది. మ్యాప్‌ఫైల్ ఇవ్వడం మరిచిపోతే ఈ సుఖమంతా పోయినట్టే. పూర్తయ్యాక రానిచోట్లన్నింటిలో మనకు నచ్చిన మాటను నింపమని కూడా చెప్పవచ్చు. కాపీలో ఆ మాట ఉన్న ఫైళ్లను వెదికితే దెబ్బతిన్నవేవో పేరుపేరునా తేలిపోతాయి. ఈ సంగతి తెలిసిన రోజు, అచ్చంగా మన లేఖకుడి పద్ధతే కదా అనిపించింది.

ఇక్కడ భయపడాల్సింది ఒక్కటే. మూలం ఏది, గమ్యం ఏది అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి సరుకున్న డిస్కు మీద పరుచుకుంటుంది. ఎంటర్ నొక్కేముందు డిస్కుల పరిమాణం, మోడలు నంబరు పైకి చదివి చూసుకోండి. గమ్యం డిస్కు మూలం కన్నా చిన్నది కాకూడదు.

కాపీ చేతికొచ్చాక, ఇప్పుడు నడపండి చెక్‌డిస్క్ ఎఫ్, ఆ కాపీ మీద. అది తప్పుచేసినా మూలం అలాగే ఉంది, ఇంకో కాపీ తీసుకోవచ్చు. మరమ్మతు ఎప్పుడూ నకలు మీదే చేయాలన్నది ఈ సాధనం నాకు నేర్పిన అలవాటు.

నిపుణులకు అప్పగించడం

డిస్కు టిక్కుటిక్కుమంటున్నా, తిరగకపోయినా, కంప్యూటరు లేచేటప్పటి బయోస్ తెరలో పేరే కనిపించకపోయినా పైవేవీ పనికిరావు. కరెంటు తీసేయండి. ఇంకోసారి చూద్దామని ఆన్ చేసిన ప్రతిసారీ ఉపరితలం మీద గీత పడవచ్చు. డేటా రికవరీ ఖర్చు వేలల్లో ఉంటుంది, పోయిన సరుకు అంత విలువైనదా అన్నది మీ ఇష్టం. వారంటీలో ఇచ్చేద్దామనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. కంపెనీ మార్చి ఇచ్చేది డిస్కును, అందులోని ఫైళ్లను కాదు.

చెడు సెక్టార్లకు మళ్లీ ప్రాణం పోస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్లు కూడా అమ్ముతున్నారు. అవి కష్టపడి చదివించే ప్రయత్నం చేయడం నిజమే గానీ, ఆ కష్టమంతా చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీదే. డబ్బులు పెట్టదలిస్తే అదే డబ్బు కొత్త డిస్కుకు చేర్చండి.

చెడింది బ్యాకప్ డిస్కయితే

దీనికి పాఠమే వేరు. అక్కడున్నది నకలు, మూలం క్షేమం. కాబట్టి మరమ్మతుల మీద రోజులు పోయకుండా కొత్త డిస్కు కొని దాని మీద పూర్తి బ్యాకప్ తీసుకోండి. అది పూర్తయ్యేదాకా పాతదాన్ని తుడవద్దు, సగం చెడినా అదొక్కటే మీ ప్రతి.

తర్వాత దాన్ని పరీక్షించాలనుకుంటే క్విక్ గుర్తు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. విస్టా నుంచి విండోస్ పూర్తి ఫార్మాట్ డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. రాసినప్పుడే కదా డిస్కు తన అనుమానపు సెక్టార్ల మీద తీర్పు ఇచ్చేది. అయ్యాక 197 సున్నాకు వచ్చి, 5 అలాగే ఉంటే అది బహుశా కరెంటు పోయినప్పుడు సగం రాసిన సెక్టారు, డిస్కుకు గాయం లేదు. 5 పెరిగితే గాయం నిజమే. మొదటి రకం డిస్కును నేను సినిమాలు పెట్టుకోవడానికి వాడుతున్నాను. రెండో రకాన్ని దేనికీ వాడను.

ఎస్ఎస్‌డీ, మ్యాక్, దూరం నుంచి సాయం

తిరిగే పళ్లెం లేని చిప్ డిస్కులైన ఎస్ఎస్‌డీల్లో ఉపరితలం గోల లేదు, చూడాల్సిన వరుసలు వేరు. మిగిలిన స్పేర్ శాతం, వాడుక శాతం, మీడియా లోపాల లెక్క. మీడియా లోపాలు సున్నా దాటి పెరుగుతుంటే వెంటనే కాపీ తీయండి. ఇవి పోయేటప్పుడు చప్పుడు చేయవు, చాలాసార్లు ఒక్కసారిగా మాయమవుతాయి. స్లాష్ ఆర్ ఇక్కడ ఒరగబెట్టేది దాదాపు ఏమీ లేదు.

మ్యాక్‌లో దాని సొంత బ్యాకప్ సాధనం టైమ్ మెషీన్ ఆగితే డిస్క్ యుటిలిటీలోని ఫస్ట్ ఎయిడ్ నడపమంటారు. అది ఫైల్ సిస్టమ్‌కు మాత్రమే, చెడు సెక్టార్లను పట్టించుకోదు. లినక్స్‌లో చెక్‌డిస్క్ లాంటి ఎఫ్ఎస్‌సీకేను మౌంట్ అయి (వాడుకలో) ఉన్న డ్రైవు మీద ఎన్నడూ నడపకండి.

అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో ఊళ్లోని అమ్మానాన్నల కంప్యూటరును తెర పంచుకుని బాగుచేసే పిల్లలు మన ఇళ్లలో చాలామంది. ఈవెంట్ వ్యూయర్, స్మార్ట్ పట్టిక, రోబోకాపీ, ఈ మూడూ దూరం నుంచి చేయవచ్చు. సి డ్రైవుకు రీస్టార్ట్ అడిగే చెక్‌డిస్క్‌ను మాత్రం అలా మొదలుపెట్టవద్దు. తెర తెగిపోతుంది, అది ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు, అక్కడ నాన్నగారు ఓపిక పట్టలేక స్విచ్చి ఆపేస్తారు. దాంతో ఉన్న లోపానికి ఇంకొకటి తోడవుతుంది.

మా మిత్రుడి డిస్కును తర్వాత డీడీరెస్క్యూతో కొత్తదానికి దింపాం. 1 టెరాబైటులో చివరకు రానిది కొన్ని కిలోబైట్లే. కొత్త డిస్కు మీద ఒక వింత కనిపించింది. అది నిక్షేపంగా ఉన్నా చెక్‌డిస్క్ నివేదికలో చెడు క్లస్టర్లున్నాయని వచ్చింది. పాత డిస్కు మీద ఆ రాత్రి స్లాష్ ఆర్ రాసిన జాబితా కూడా కాపీతోపాటు నడిచొచ్చిందన్న మాట. ఇలాంటప్పుడు ‘స్లాష్ బి’ ఇస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఆ జాబితాను చెరిపి మళ్లీ పరీక్షించుకుంటుంది. ఇచ్చాం, పోయాయి. పుస్తకం మాత్రం రచయిత దగ్గర మిగిలిన అచ్చు ప్రతిని చూసి మళ్లీ టైపు చేయించారు, 212 పేజీలు. టైపు డబ్బులు నేనిచ్చాను.